అర్థానికీ అర్ధానికీ తేడా కనబడేలా పెద్ద మానిటర్ తగిలించడం

నేను ప్రూఫులు దిద్దుతాను. విజయవాడలో, ఇంట్లోనే పని. ల్యాప్‌టాప్ 13.3 అంగుళాలది, బరువు కిలోంపావు. బస్సులో ఒళ్లో పెట్టుకోవడానికి అంతకన్నా సుఖమైంది లేదు. రోజుకు యాభై పేజీలు చూడాలంటే మాత్రం మెడ పట్టేస్తుంది. పేజీ మొత్తం కనబడేలా పెడితే ‘అర్థం’లో చుక్క ఉందో లేదో తెలియదు. చుక్క కనబడేలా పెంచితే పేజీలో పావు వంతే మిగులుతుంది. పోయినేడు వేసవిలో పెద్ద మానిటర్ కొన్నాను. కొన్నరోజున బొమ్మే రాలేదు. తప్పు దానిది కాదని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది.

అందుకే కొట్టుకు వెళ్లేముందు ల్యాప్‌టాప్ పక్కల ఏమేం పోర్టులున్నాయో చూసుకోండి. టీవీలకు ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే. పలచటివాటిలో చాలావాటికి అది ఉండదు, టైప్-సీ పోర్టులే ఉంటాయి. నాదానికి రెండున్నాయి, అచ్చం కవలపిల్లల్లా. బొమ్మ వచ్చేది మాత్రం ఒకదాంట్లోంచే. పోర్టు పక్కన కొసన బాణం మొన ఉన్న మెరుపు గుర్తు గానీ, ‘డి’ అక్షరంలో ‘పి’ ఇమిడినట్టుండే గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తుంది. కొన్నిటికి ఏ గుర్తూ వేయరు. అప్పుడు మోడల్ నంబరుతో కంపెనీ సైట్లో వెతికి, ఆ పోర్టుకు ఎదురుగా ‘డిస్‌ప్లేపోర్ట్’ అన్న మాట ఉందేమో చూడాలి. ఆ సౌకర్యం లేని టైప్-సీకి మామూలు కన్వర్టర్ ఎంత మంచిది తగిలించినా లాభం లేదు. డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ (ఒక్క వైరుతో తగిలించుకునే పోర్టుల పెట్టె) కొనాలి, అది ఖరీదెక్కువ. మ్యాక్‌బుక్ ఎయిర్ వాళ్లకు ఒక్క మాట: ఎం1, ఎం2 రకాలు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. రెండు కొనేసి బాధపడకండి.

మానిటర్ ఎంపికలో అంగుళాలకంటే తెర మీది చుక్కల (పిక్సెళ్ల) లెక్క ముఖ్యం. నా ల్యాప్‌టాప్ ఫుల్ హెచ్‌డీ, అంగుళానికి సుమారు 166 చుక్కలు. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాల మీద పరిస్తే 82కు పడిపోతుంది. ఇంగ్లీషు చదువుకునేవాళ్లు సర్దుకుంటారేమో. మనకు గుడులు, ఒత్తులు, ‘థ’ పొట్టలో చుక్క ఉన్నాయి కదా, అన్నీ అలుక్కుపోతాయి. 27 అంగుళాల్లోనే 4కే (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్నది) తీసుకుంటే 163, అంటే ల్యాప్‌టాప్ మీద అలవాటైన నాణ్యతే పెద్ద కాగితం మీద దొరికినట్టు. నేను అదే తీసుకున్నాను. డబ్బు సరిపోకపోతే మధ్యరకం, 2560 బై 1440 చుక్కలది, చూడండి. అందులో 109 వస్తాయి. ఇంట్లో పాత టీవీ ఉంది కదా అని దానికి తగిలిస్తే సినిమాకు బాగుంటుంది, అక్షరాలకు కాదు. తప్పనిసరైతే టీవీ మెనూలో ఆ ఇన్‌పుట్‌కు ‘పీసీ’ అని పేరు పెట్టి చూడండి, చాలా టీవీల్లో అక్షరాల అంచులు కొంత తేరుకుంటాయి.

ఇక నా నాలుగు రోజుల కథ. మానిటర్‌కు టైప్-సీ ఉంది. పెట్టెలో వచ్చిన వైరు పొట్టిదని, ఫోన్ ఛార్జర్‌ది పొడుగాటి టైప్-సీ వైరు పెట్టాను. ల్యాప్‌టాప్ చక్కగా ఛార్జ్ అవుతోంది, తెర మీద మాత్రం ‘నో సిగ్నల్’. ఛార్జింగ్ వస్తోందంటే వైరు బాగున్నట్టే కదా అనుకున్నాను. మానిటర్‌ను మళ్లీ పెట్టెలో పెట్టి ఆటోలో కొట్టుకు మోసుకెళితే, వాళ్ల వైరుతో అక్కడ భేషుగ్గా వెలిగింది. ఇంటికొచ్చి తమ్ముడికి వీడియో కాల్ చేశాను.

“అక్కా, ఆ వైరు ఎక్కడిది?”

“ఫోన్‌ది.”

“దాంట్లో కరెంటు తీగలు, నెమ్మదైన డేటా తీగలే ఉంటాయి. బొమ్మ మోసే తీగలే ఉండవు.”

పెట్టెలోని పొట్టి వైరే వాడండి. లేదంటే వీడియోకు పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉన్నది కొనండి. టైప్-సీ మానిటర్ అయితే ల్యాప్‌టాప్‌కు ఎన్ని వాట్లు ఇస్తుందో కూడా అడగండి. నాది 65 ఇస్తుంది, ఛార్జర్ సంచిలోంచి తీయాల్సిన పనిలేదు.

మానిటర్‌కు టైప్-సీ లేకపోతే మధ్యలో హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కావాలి. దీని పెట్టె మీద ‘4కే’ ఒక్కటే చూసి మోసపోవద్దు, పక్కన 30 హెర్ట్జా 60 హెర్ట్జా (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) అన్నది చూడండి. ఊరికి తీసుకెళ్దామని నేను కొన్న మొదటిది 30ది. బొమ్మ వచ్చింది గానీ మౌస్ బాణం బురదలో నడుస్తున్నట్టుంది, పేజీ జరుపుతుంటే కళ్లు తిరిగాయి. ల్యాప్‌టాప్‌కు నేరుగా హెచ్‌డీఎంఐ ఉన్నవాళ్లకూ ఇదే మెలిక. 2009లో వచ్చిన 1.4 రకం 4కేను 30 దగ్గరే ఆపేస్తుంది. 60 కావాలంటే 2013లో వచ్చిన 2.0 గానీ, ఆ తర్వాతది గానీ ఉండాలి.

తగిలించాక మానిటర్ బటన్లతో సరైన ఇన్‌పుట్ ఎంచుకోండి. విండోస్‌లో విండోస్ కీ, ‘పి’ కలిపి నొక్కితే నాలుగు దారులు చూపిస్తుంది. ‘డూప్లికేట్’ జోలికి వెళ్లొద్దు, రెండు తెరల్లో ఏదో ఒకటి మసకబారుతుంది. నేను ‘ఎక్స్‌టెండ్’ పెట్టుకుని పెద్దదాని మీద పేజీ, చిన్నదాని మీద నిఘంటువు ఉంచుతాను. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ బొమ్మను అది బల్ల మీద ఏ వైపుందో ఆ వైపుకు లాగండి. లేకపోతే మౌస్ కుడికి వెళ్లాల్సింది గోడకు కొట్టుకుని ఆగిపోతుంది. రిజల్యూషన్ ‘రికమెండెడ్’ అన్నదే ఉంచండి. అక్షరాలు చిన్నవనిపిస్తే స్కేల్ పెంచండి, రిజల్యూషన్ తగ్గించకండి. 27 అంగుళాల 4కేకు 150 శాతం నాకు సరిపోయింది. అక్కడే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 60 హెర్ట్జ్ కనబడుతోందా చూడండి.

ఇంతా చేశాక నా పాత పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే మసకగా వచ్చింది. దాని ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ‘ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ దాకా వెళ్లి ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ పెడితే తేరుకుంది.

మానిటర్ పై అంచు కళ్ల ఎత్తుకు, లేదా కాస్త కిందికి ఉండాలి, దూరం చేయి చాచినంత. నా మానిటర్ స్టాండ్ ఎత్తు చాలక కింద రెండు పాత నిఘంటువులు పెట్టాను.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపు మానిటర్ ఒక్కసారి ఆరి వెలుగుతుంది. ఆ రెప్పపాటులో తెరిచి ఉంచిన కిటికీలన్నీ (విండోలన్నీ) చిన్న తెర మీదికి పరిగెత్తేవి. విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగ్స్, ‘మల్టిపుల్ డిస్‌ప్లేస్’ కింద కిటికీల చోట్లు గుర్తుంచుకోమనే టిక్ ఉంది. అది పెట్టాక కరెంటు పోయొచ్చినా దిద్దుతున్న పేజీ పెద్ద తెర మీదికే తిరిగొస్తోంది.