తేనెటీగల గుంపును పెట్టెలోకి దించే ముందు

మొదట ఈగ జాతి తేల్చుకోండి. తొర్రల్లో, పుట్టల్లో వరుసగా పట్లు పెట్టే పుట్ట తేనెటీగలనే, అవి గూడు విడిచి కొమ్మకు గుంపుగా వేలాడేటప్పుడు పట్టండి. ఎత్తైన కొమ్మకో, నీళ్ల ట్యాంకుకో ఒకే పెద్ద పట్టు వేలాడుతుంటే అవి కొండ తేనెటీగలు. వాటి జోలికి పోవద్దు, అవి పెట్టెలో ఉండవు.

• ముఖానికి వల, లేత రంగు మందపాటి బట్టలు, చేతి తొడుగులు. అత్తరు పూసుకోవద్దు. అరటిపండు తిని వెళ్లవద్దు, దాని వాసన ఈగల హెచ్చరిక వాసనలాగే ఉంటుంది.

• గతంలో ఈగ కుట్టి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చినవారు ఈ పని మానుకోవాలి.

• తోడు మనిషి తప్పనిసరి. నిచ్చెన ఎక్కాల్సినంత ఎత్తులో ఉంటే వదిలేయండి, పోయేది కాస్త తేనే.

• ఈగలు పట్లు కట్టుకునే చట్రాలు బిగించిన పెట్టె ముందే సిద్ధంగా ఉండాలి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్లు నీటి గిన్నెల్లో పెట్టండి.

• సాయంత్రం పూట, గుంపు కిందే పెట్టె ఉంచి కొమ్మను ఒక్కసారి గట్టిగా కుదపండి. ఈగలు గుమ్మం దగ్గర పొట్ట ఎత్తి రెక్కలాడిస్తుంటే రాణి చాలావరకు లోపలే ఉన్నట్టు. అవి మళ్లీ కొమ్మకే చేరుతుంటే రాణి అక్కడే ఉంది, ఇంకోసారి కుదపాలి.

• రాణి గేటును (రాణి బయటికి పోకుండా గుమ్మానికి పెట్టే జాలీని) నాలుగైదు రోజులకు మించి ఉంచవద్దు. అది కొత్త రాణి అయితే జతకట్టడానికి బయటికి ఎగరాలి.

• కుడితే ముల్లును వెంటనే గోటితో గీకేయండి. నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.