డ్యూయల్ టైమ్ వాచీలో మన అరగంటను సర్దుకోవడం ఎలా?

జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి అరుదు. హనుమకొండలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఎక్కువ. రెండు దేశాల సమయాన్ని ఒకే డయల్ మీద చూపే మెకానికల్ వాచీ అలాంటి ఇళ్లకు ఎంత అక్కరకొస్తుందో చెప్పనక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక, రియాద్ రెండున్నర గంటలు, డల్లాస్ వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. ఎటు లెక్కవేసినా ఒక అరగంట తగులుతుంది. లక్షలు పోసి కొన్న వాచీకి కూడా ఆ అరగంట పట్టదు.

ఈ తరహా వాచీలకు పేరు తెచ్చింది విమానయానం. 1950ల మధ్యలో పాన్ అమెరికన్ విమాన సంస్థ పైలట్ల అవసరం కోసం రోలెక్స్ జీఎంటీ మాస్టర్‌ను తెచ్చింది. గంటల ముల్లును ఒక్కో గంట చొప్పున జరిపే యంత్రాంగానికి 1959లో పటెక్ ఫిలిప్ పేటెంట్ పొందింది. దాన్ని రూపొందించినవాడు జెనీవా నిపుణుడు లూయీ కోటియే. వీటిలో నిమిషాల ముల్లు ఒక్కటే. రెండు సమయాలకూ అదే దిక్కు. గ్రీనిచ్‌కు ఐదున్నర గంటల ముందున్న మనకు ఇబ్బంది అక్కడే.

ముందుగా మీ వాచీ ఏ రకమో చూడండి. కీ తిప్పే క్రౌన్‌ను సగం బయటికి లాగి తిప్పితే, కొన్నింటిలో మామూలు గంటల ముల్లు గంట గంటకూ దూకుతుంది. మరికొన్నింటిలో రోజుకు ఒకే చుట్టు తిరిగే 24 గంటల ముల్లు కదులుతుంది. మొదటిదే అసలైనదని దుకాణదారులు అంటారు. తరచూ విమానం ఎక్కేవారికి అది నిజమే. ఇంట్లో కూర్చుని దుబాయ్‌కి ఫోన్ చేసేవారికి రెండోదే హాయి, పైగా సాధారణంగా చవక.

ఆగిపోయిన వాచీకి పాతిక ముప్పై చుట్లు కీ ఇవ్వండి. తేదీని విడిగా మార్చే వాచీ అయితే రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు వరకు ఆ పని పెట్టుకోవద్దు. ఆ వేళలో తేదీ పళ్లచక్రాలు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

ఇప్పుడు అసలు పని. మన దగ్గర రాత్రి 8:00 అయితే దుబాయ్‌లో 18:30. కాజీపేట జంక్షన్‌లో రైళ్ల వేళలు చదివి పెరిగినవారికి ఈ లెక్క వివరించక్కర్లేదు. మొదటి రకంలో క్రౌన్‌ను పూర్తిగా లాగి, 24 గంటల ముల్లును 18 మీద, నిమిషాల ముల్లును 12 మీద నిలపండి. తర్వాత క్రౌన్‌ను సగానికి నొక్కి గంటల ముల్లును 8కి దూకించండి. రెండో రకంలో వరుస తిరగబడుతుంది: ముందు మన సమయం, తర్వాత 24 గంటల ముల్లు. ఇక ఎప్పుడు చూసినా కనిపించినదానికి అరగంట కలపాలి. మన 8:45కి వాచీ 18:45 చూపిస్తుంది, దుబాయ్‌లో 19:15. ముల్లును 19 మీద పెట్టి అరగంట తీసేసినా లెక్క సరిపోతుంది గానీ, నా మటుకు కూడికే తేలిక.

డయల్ చుట్టూ తిరిగే 24 అంకెల రింగు ఉంటే కూడిక కూడా అక్కర్లేదు. రింగును గడియారం తిరిగే దిక్కుకు ఎదురుగా అరగంట మేర తిప్పితే ముల్లు నేరుగా 18:30 దగ్గర నిలుస్తుంది. కొన్ని రింగులు గంట గంటకే ఆగుతాయి, వాటితో ఇది కుదరదు. కొనేముందే తిప్పి చూడండి. రెండో సమయానికి సొంత నిమిషాల ముల్లు ఉన్న వాచీలూ ఉన్నాయి, కానీ అరుదు.

గల్ఫ్ దేశాల సమయం ఏడాదంతా ఒకటే. అమెరికాకైతే మార్చి రెండో ఆదివారం ముల్లును ఒక గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కు జరపాలి.

మీరే శంషాబాద్‌లో దుబాయ్ విమానం ఎక్కితే గంటల ముల్లును దూకించడం చాలదు, నిమిషాలనూ మార్చాలి. మన 20:00కి 24 గంటల ముల్లు 19:30 చూపేలా పెట్టి, గంటల ముల్లును ఆరున్నరకు తెచ్చుకోండి. అక్కడినుంచి ఇంటి సమయం చూసినప్పుడు కూడా అరగంట కలిపితే చాలు. స్క్రూ క్రౌన్ ఉంటే బిగించాకే చేతులు కడగండి.