ప్రయోగ పంటకు పొలం ఇచ్చే ముందు

వానాకాలం దుక్కులకు ముందు ఎవరైనా వచ్చి 'కొంచెం భూమి కౌలుకివ్వండి, కొత్త రకం వేసి చూస్తాం, ఖర్చంతా మాదే' అంటే, మొదట అడగాల్సింది అది జన్యుమార్పిడి రకమా అని. అవునంటే నోటిమాట మీద పొలం అప్పగించొద్దు. జీఈఏసీ (జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర పర్యావరణ శాఖ కమిటీ) లేదా ఆర్‌సీజీఎం (వాటి పరిశోధనను పర్యవేక్షించే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కమిటీ) అనుమతి పత్రం, మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నిరభ్యంతర పత్రం, రెండింటి నకళ్లూ తీసుకోండి. వాటిలో రాసిన చోటు మీ పొలమేనా చూడండి. ఇది చాదస్తం కాదు. అమెరికా వ్యవసాయ శాఖలో 2005లో జరిగిన అంతర్గత తనిఖీలో, తాము అనుమతించిన ప్రయోగాలు సరిగ్గా ఎక్కడ జరుగుతున్నాయో, చివరికి ఆ పంట ఏమవుతోందో నియంత్రణ సంస్థకే పూర్తిగా తెలియదని బయటపడింది.

పంట నిలబడి ఉన్నప్పుడు అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. అసలు జాగ్రత్త కోత తర్వాత కావాలి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో 2001లో ఔషధ ప్రొటీన్ కోసం మార్చిన మొక్కజొన్నను ఒక పొలంలో వేశారు. మరుసటి ఏడు అక్కడే సోయా వేస్తే, రాలిన గింజలు మొలిచి సోయాతో పాటే కోతకొచ్చాయి. అది గోదాములో చేరి, దాదాపు 5 లక్షల బుషెళ్ల (సోయాలో బుషెల్ అంటే సుమారు 27 కిలోలు) సోయా నాశనం చేయాల్సి వచ్చింది. వరి సంగతి ఇంకా ఘోరం. అమెరికాలో ఎల్ఎల్601 అనే జన్యుమార్పిడి వరి రకం ప్రయోగాలు 2001లోనే ముగిశాయి. 2006లో అది మామూలు బియ్యంలో కనిపించింది, ఎగుమతులు దెబ్బతిన్నాయి. ఎలా కలిసిందో ప్రభుత్వ దర్యాప్తు తేల్చలేకపోయింది.

అందుకే విత్తక ముందే ఒప్పందంలో ఇవి రాయించుకోండి: కోసిన పంట, చొప్ప, మిగిలిన విత్తనం ఎవరు, ఎప్పుడు, ఎవరి సమక్షంలో నాశనం చేస్తారు, తర్వాత ఎన్నాళ్లు ఆ నేలలో అదే పంట వేయకూడదు, ఆ కాలంలో రాలు గింజల మొలకలు పీకే కూలి ఎవరిది, పక్క రైతుకు నష్టం వస్తే భరించేదెవరు. చివరిది రాయడానికి వాళ్లు వెనకాడితే భూమి ఇవ్వకండి. నా మటుకు నాకు ఇందులో మొహమాటం అనవసరం.

ప్రయోగ పొలంలో పశువుల్ని మేపొద్దు. 'బాగా కాసింది' అని గుప్పెడు గింజలు కూడా దాచుకోవద్దు, బంధువులకూ ఇవ్వొద్దు. కోత యంత్రం, గోనె సంచులు బయటికి వెళ్లే ముందు శుభ్రం చేయించండి.

గట్టు అవతలి రైతులు కూడా ఊరుకోకూడదు. అనుమతి పత్రంలో చెప్పిన ఎడం పాటించారో లేదో కొలిచి చూడండి. మీ విత్తన బిల్లు, ఆ విత్తనంలో కొంచెం నమూనా, విత్తిన తేదీ భద్రపరచండి. రేపు కల్తీ తేలితే ఇవే మీ సాక్ష్యం. గుజరాత్‌లో 2001లో అనుమతి లేని బీటీ పత్తి వేల ఎకరాల్లో పండింది. దాన్ని బయటపెట్టింది అధికారుల తనిఖీ కాదు, పోటీ కంపెనీ ఫిర్యాదు. నాశనం చేయమని ఆదేశం వచ్చేసరికి చాలా పత్తి మార్కెట్‌కు చేరిపోయింది.

అనుమానం వస్తే కోత దాకా ఆగకుండా కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. జన్యుమార్పిడి జీవులపై కేంద్రం తెచ్చిన 1989 నిబంధనల ప్రకారం, వీటిని చూసే జిల్లా స్థాయి కమిటీకి అధ్యక్షులు వారే.