20 ఫ్లాట్లు, 2 ఫైళ్లు

స్టిల్ట్ (కింద పార్కింగ్ అంతస్తు) మీద 5 అంతస్తులు, అంతస్తుకు 4 ఫ్లాట్లు. అన్నీ ఒకే ఆటోక్యాడ్ (ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) ఫైల్లో కాపీ చేసి గీస్తే, టాయిలెట్ తలుపు 750 నుంచి 800 మిల్లీమీటర్లకు మారిన రోజు 20 చోట్ల దిద్దాలి. ఒకటో రెండో మిగిలిపోతాయి, సైట్లో గోడ లేచాకే కనబడతాయి.

ఇప్పుడు ఒక్కో ఫ్లాటు రకానికి ఒక ఫైలు, అందులో 0,0 (కొలతలు మొదలయ్యే బిందువు) కాలమ్ గ్రిడ్ (స్తంభాల స్థానాలు చూపే గీతలు) మూలన. ఫ్లోర్ ప్లాన్‌లోకి ఎక్స్‌రెఫ్‌గా (కాపీ కాకుండా, లింకుతో కనబడే బయటి ఫైలుగా), రిలేటివ్ పాత్‌తో (ఈ ఫైలున్న చోటునుంచి చెప్పే దారితో) వస్తుంది. ఇక్కడ 'అటాచ్' పెట్టాలి. 'ఓవర్‌లే' పెడితే, ఆ ప్లాన్‌ను ప్రింటుకు పంపే షీట్ ఫైల్లోకి తెచ్చినప్పుడు ఫ్లాట్లన్నీ మాయం! ఫ్లాటు ఫైల్లో చూసుకోడానికి తెచ్చే కాలమ్ గ్రిడ్‌కు మాత్రం ఓవర్‌లేనే సరి. లేదంటే షీట్లో గ్రిడ్ ఒకదానిమీదొకటి పడుతుంది.

పక్క ఫ్లాటుతో పంచుకునే గోడ ఫ్లోర్ ఫైల్లోనే ఉండాలి, లేకపోతే ఇటుకల లెక్క రెండింతలు. రూము పేర్లు, కొలతలూ అక్కడే: ఎక్స్‌రెఫ్‌ను మిర్రర్ చేస్తే (అద్దంలోలా తిప్పితే) లోపలి అక్షరాలు తిరగబడతాయి, అక్షరాలు తిరగబడకుండా చూసే మిర్‌టెక్స్ట్ సెట్టింగ్ 0 పెట్టినా ఆగవు.

తూర్పు ఫ్లాటును మిర్రర్ చేసి పడమర ఫ్లాటు అనకండి. ఆగ్నేయంలోని వంటగది నైరుతికి పోతుంది, కొనేవాళ్లు ఒప్పుకోరు. అందుకే రెండో ఫైలు.