ఒడ్డు నుంచి గాలం – 4వ పాఠం: ల్యూర్ ఎంచేటప్పుడు రంగు ఆఖరున

పోయిన పాఠంలో పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఇసుక మీద నిలబడి గుంటలు గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అలలు తెల్లగా విరిగేచోట ఇసుక దిబ్బ ఉంటుంది. ఆ దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నురగ లేకుండా ముదురుగా కనిపించే పట్టీయే గుంట. చేప తిరిగేది అందులోనే. ఇప్పుడు ఆ గుంటలోకి ఏ ల్యూర్ (చేపను మభ్యపెట్టే కృత్రిమ ఎర) విసరాలో చూద్దాం. ఉదాహరణలన్నీ భీమిలి నుంచి యారాడ వరకు ఉన్న విశాఖ తీరానివే. ఇసుక తీరం ఎక్కడైనా లెక్క ఇంచుమించు ఇదే.

కొత్తవాళ్ళు షాపులో మొదట అడిగేది "ఏ రంగుకి పడతాయండీ?" అని. నిజానికి అది అయిదో ప్రశ్న. వరుస ఇది: బరువు, లోతు, సైజు, నడక, ఆ తర్వాత రంగు. మొదటి రెండూ తప్పితే ల్యూర్ చేప దగ్గరికే చేరదు. ఇక అది ఏ రంగులో ఉంటేనేం?

బరువు

రాడ్ పిడికి కాస్త పైన చిన్న అక్షరాలతో 10–40 గ్రా అని రాసి ఉంటుంది. మనం వాడుతున్న తొమ్మిదిన్నర అడుగుల రాడ్ మీద అదే ఉంది. దాని అర్థం 40 గ్రాములు ఒంటి బలమంతా పెట్టి విసరొచ్చని కాదు. పై అంకెలో మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు వరకు, అంటే 25–30 గ్రాముల దగ్గర ఆ రాడ్ బాగా వంగి బాగా విసురుతుంది. 12 గ్రాముల ల్యూర్‌కి రాడ్ వంగనే వంగదు, తంగూసు గాల్లో విల్లులా తేలిపోతుంది. 60 గ్రాములు కట్టి గట్టిగా విసిరితే కొన విరుగుతుంది, లేదా బ్రెయిడ్ (పోగులతో అల్లిన తంగూసు) తెగి చూపుడు వేలు కోసుకుపోతుంది.

ఆ హద్దు లోపల ఎంత బరువన్నది సముద్రాన్ని బట్టి. అల మోకాలెత్తు నుంచి నడుమెత్తు వరకు ఉంటే 20–28 గ్రాములు. అది దాటితే 35–40. ఒకటిన్నర మీటర్లు దాటిన రోజు ఏ ల్యూరూ నిలవదు, మనిషీ నిలవడు. ఇంటికి వెళ్ళడమే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు అంచనాలు ఇస్తుంది. బయల్దేరేముందు ఓసారి చూసుకోండి.

బరువు సరిపోయిందో లేదో చేతికే తెలుస్తుంది. 28 గ్రాముల మెటల్‌ని, అంటే లోహపు ల్యూర్‌ని, గుంట అవతల, దిబ్బ అంచున పడేలా విసరండి. నీళ్ళను తాకబోయే ముందు రీల్‌లో తంగూసు చుట్టి ఉండే స్పూలు అంచుకి వేలు ఆనించి తంగూసుని ఆపండి. అలా ఆపకపోతే ల్యూర్ పల్టీ కొట్టి, దాని గాలానికి దాని తంగూసే చుట్టుకుంటుంది. "ఒకటి, రెండు, మూడు" అనేలోపు తంగూసు ఒక్కసారి వదులవుతుంది. అంటే నేల తాకినట్టు. వెంటనే చుట్టడం మొదలుపెట్టండి. రాడ్ కొనలో సన్నగా, తెగకుండా వణుకు వస్తుంటే ల్యూర్ సరిగ్గా నడుస్తోంది. గరగరమంటే ఇసుకలో ఈడుస్తోంది. అప్పుడు రాడ్ పైకెత్తండి, లేదా ఒక మెట్టు తేలికది కట్టండి. కాసేపు ఏమీ తెలియకుండా ఉండి ఉన్నట్టుండి బరువుగా లాగిందంటే చేపేమో అనుకుంటారు. చాలాసార్లు అది అల పనే. అల లోపలికి వచ్చేటప్పుడు ల్యూర్‌ని మీ వైపు తోసి తంగూసుని వదులు చేస్తుంది, వెనక్కి వెళ్ళేటప్పుడు గుంజుతుంది. అందుకే అల వస్తుంటే రెండింతల వేగంతో చుట్టాలి, వెనక్కి లాగుతుంటే దాదాపు ఆపేయాలి. మీరు చుట్టకపోయినా ఆ నీటి లాగుడికే ల్యూర్ ఆడుతుంది.

మరో పరీక్ష. ఎదురుగా విసిరిన ల్యూర్ మీకు పది పదిహేను మీటర్లు పక్కగా ఒడ్డు చేరుతోందంటే నీటి వాలు గట్టిగా ఉన్నట్టు. నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ ఒడ్డు వెంట నీరు ఎక్కువగా ఈశాన్యానికి లాగుతుంది. నవంబరు నుంచి అటుదిటవుతుంది. వాలుకి ఎగువన విసిరి, ల్యూర్ మీ ఎదుటికి వచ్చేసరికి గుంటలో ఉండేలా చూసుకోండి. అప్పటికీ నిలవకపోతేనే బరువు పెంచండి.

లోతు, నడక

మెటల్ ల్యూర్లలో సన్నగా కడ్డీలా ఉండేవి దూరం వెళ్తాయి, రాయిలా మునుగుతాయి. ఎదురుగాలికి అవి. వెడల్పుగా ఆకులా ఉండేవి అంత దూరం పోవు. కానీ ఊగుతూ నెమ్మదిగా దిగుతాయి, గుంటలో ఎక్కువసేపు ఉంటాయి. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఆకు రకం చాలు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక కడ్డీ రకం తీయండి. పార చేపలకి మెటల్‌ని వేగంగా లాగాలి. 4000 సైజు రీల్‌లో హ్యాండిల్ ఒక చుట్టుకి దాదాపు మీటరు తంగూసు వస్తుంది. సెకనుకి రెండు చుట్లు పడాలి. చేయి నొప్పెడితే ఆ వేగం కుదిరినట్టే.

పండుగప్ప సంగతి వేరు. భీమిలి దగ్గర నది సముద్రంలో కలిసే గోస్తనీ మొగ లాంటి చోట, పోటు వెనక్కి మళ్ళే వేళ, 100–120 మిల్లీమీటర్ల తేలే మిన్నో (చిన్న చేప ఆకారపు ల్యూర్) కట్టండి. మూతి కింది ప్లాస్టిక్ రేకు చిన్నదిగా, నిటారుగా ఉంటే లోతుకి పోదు. మనకి కావలసింది అలాంటిదే, మీటరు దాటకూడదు. నాలుగు చుట్లు చుట్టి ఒక క్షణం ఆపండి. పండుగప్ప తరచుగా ఆ ఆగినప్పుడే పట్టుకుంటుంది. మిన్నో నిటారుగా నడవకుండా పక్కకి పోతుంటే దాన్ని పారేయకండి. మూతి మీ వైపు పెట్టుకుని, అది ఏ పక్కకి పోతోందో దానికి ఎదురు పక్కకి ముందు తంగూసు కట్టే రింగుని పట్టకారుతో వెంట్రుకవాసి వంచండి. నీళ్ళలో లాగి చూసి, చాలకపోతే మరికాస్త. ఒకేసారి ఎక్కువ వంచితే విరుగుతుంది.

నీళ్ళు బురదగా ఉన్న రోజు రబ్బరులా మెత్తగా ఉండే సాఫ్ట్ ప్లాస్టిక్ ల్యూర్‌దే పైచేయి. నాలుగంగుళాల వెడల్పు తోక రకం, 14 లేదా 21 గ్రాముల జిగ్ హెడ్ (బరువైన తల ఉన్న గాలం). మాగ చేప రొమ్ము దగ్గరి పొడవాటి తీగలతో తడుముకుంటూ నేలకి దగ్గరగా తిరుగుతుంది కాబట్టి ల్యూర్ కూడా అక్కడే నెమ్మదిగా రావాలి. గుచ్చేముందు గాలాన్ని ప్లాస్టిక్ పక్కన ఆనించి, వంపు ఎక్కడికి వస్తుందో గోరుతో గుర్తు పెట్టుకోండి. ముక్కు నడిమధ్య గుచ్చి సరిగ్గా ఆ గుర్తు దగ్గరే వీపు మీదికి తీయండి. అర సెంటీమీటరు తేడా వచ్చినా ప్లాస్టిక్ గూనిగా కూర్చుంటుంది, నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది, పది విసుర్లలో తంగూసు మెలికలు పడుతుంది. బుంగలా ఉబ్బే చేపలున్నచోట తోకలు నీటుగా కత్తిరించినట్టు వస్తాయి. అక్కడ ప్లాస్టిక్ దండగ, మెటల్‌కి మారండి.

నీటి పైన చప్పుడు చేస్తూ వచ్చే ల్యూర్, పాపర్, అందంగానే ఉంటుంది. కానీ అల విరిగే నీళ్ళలో దాని చప్పుడు వినేవాడు లేడు. సముద్రం అద్దంలా ఉన్న తెల్లవారుజాముకి దాచుకోండి.

సైజు

దీనికి పుస్తకం అక్కర్లేదు. ఉదయాన్నే ఒడ్డున అలివి వల లాగుతుంటే అందులో ఏం పడ్డాయో చూడండి. నెత్తళ్ళు పడితే 6–8 సెంటీమీటర్ల సన్న మెటల్. కవళ్ళు పడితే 10–12 సెంటీమీటర్లు. మొగ దగ్గర చిన్న బొంతలు ఎగురుతుంటే ఇందాకటి మిన్నోనే. వల లాగుతున్నంతసేపు ఆ పక్కన మాత్రం గాలం వేయకండి, అది వాళ్ళ కూడు.

గాలాలు, రంగు

మిన్నోతో వచ్చే మూడుముళ్ళ గాలాలు ఇసుకలో చెత్తనీ వలముక్కల్నీ ఏరుకొస్తాయి, చేప కొట్టుకుంటే మన చేతికీ దిగుతాయి. వాటి బదులు ఒంటి గాలాలు వేయండి. బరువు అటూ ఇటూ కాకుండా చూసుకోండి. తేలికైతే మిన్నో పక్కకి వాలుతుంది, బరువెక్కితే తేలదు. సావిడాయి, వంజరం తిరిగే రోజుల్లో 15 సెంటీమీటర్ల సన్న ఉక్కు తీగ ముందు కట్టాలి, లేదంటే వాటి పళ్ళకి లీడర్ (ల్యూర్ ముందు కట్టే మందపు తంగూసు) తెగుతుంది. మిగతా రోజుల్లో తీగ వద్దు, ల్యూర్ నడక చెడుతుంది.

రంగు గురించి మూడు ముక్కలు. నీళ్ళు తేటగా ఉంటే వెండి, నీలం. బురదగా ఉంటే బంగారు రంగు, నిమ్మపచ్చ. చీకటి పడ్డాక నలుపు, ఎందుకంటే కింది నుంచి చూసే చేపకి ఆకాశం వెలుగులో ముదురు నీడే బాగా ఆనుతుంది.

ఈ వారం పని

నాలుగే కొనండి: 28 గ్రాముల ఆకు మెటల్, 40 గ్రాముల కడ్డీ మెటల్, 110 మిల్లీమీటర్ల తేలే మిన్నో, 21 గ్రాముల జిగ్ హెడ్‌తో సాఫ్ట్ ప్లాస్టిక్. ఆకు మెటల్ గాలం ఊడదీసి, జనం లేని చోట, మోకాలి లోతు దాటకుండా ఇరవై సార్లు విసరండి. కళ్ళు మూసుకుని లాగుతూ వణుకు, గరగర, అల గుంజుడు మూడూ వేరుగా చెప్పగలిగేదాకా గాలం తిరిగి తగిలించకండి. ఇంటికి రాగానే అన్నిటినీ మంచినీళ్ళలో కడిగి ఆరబెట్టండి. తడిది ఒక్కటి పెట్టెలో పడినా పక్కవాటికీ తుప్పు పడుతుంది.

రెండు ప్రశ్నలు, జవాబులు 5వ పాఠం మొదట్లో.

1. నవంబరు సాయంత్రం, నడుమెత్తు అల, బురద నీళ్ళు, వాలు నైరుతికి. 21 గ్రాముల సాఫ్ట్ ప్లాస్టిక్ నేలకి అందడం లేదు. బరువు పెంచే ముందు ఏం చేస్తారు?

2. మెటల్‌కి చేప రెండుసార్లు తగిలి వదిలేసింది. లీడర్ చివర గీతలు పడి గరుకుగా ఉంది. మార్చాల్సింది ల్యూరా, ఇంకేమైనానా?