పెద్ద వయసులో ఆస్తమా ఉధృతం కాకుండా ఎలా చూసుకోవాలి?

అరవై ఐదేళ్లు దాటినవారికి ఆస్తమా ఎక్కువైందంటే ఇంట్లోవారు ముందుగా దుమ్మునో, చల్లగాలినో తప్పుపడతారు. ఆ అనుమానం పూర్తిగా తప్పు కాదు గాని, ఈ వయసులో ఇల్లు దులపడం కన్నా ముందు చూడవలసినవి ఇన్‌హేలర్ వాడే తీరు, ఇతర జబ్బులకు వేసుకుంటున్న మందులు. అందుకే ఇక్కడ వాటికే పెద్దపీట వేశాం.

1. ఆయాసం దేనివల్లనో తేల్చుకోండి

మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని వయసు మీద పడటం వల్లనేనని సరిపెట్టుకోవడం పెద్దవారిలో మామూలే. అయితే గుండె బలహీనత వల్ల గాని, ఎక్కువగా పొగతాగేవారికి వచ్చే సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వల్ల గాని కూడా అదే రకం ఆయాసం రావచ్చు. ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష ఇంతవరకు చేయించుకోకపోతే, మందుల మోతాదు పెంచే ముందే దాని గురించి డాక్టరును అడగాలి.

2. ఇన్‌హేలర్ సరిగా వాడుతున్నారో లేదో చూడండి

మాటల్లో అడిగితే అందరూ బాగానే వాడుతున్నామంటారు. పక్కన కూర్చుని, ఒకసారి వాడి చూపించమనాలి. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయినవారికి డబ్బాను నొక్కడమే కష్టమవుతుంది. నొక్కడానికీ పీల్చడానికీ పొంతన కుదరకపోతే మందులో ఎక్కువ భాగం నోట్లోనూ గొంతులోనూ పడి అక్కడే ఆగిపోతుంది. నొక్కగానే పెదవుల సందు నుంచి తెల్లని తుంపర బయటికి వస్తోందంటే, ఆ మోతాదు వృథా అయినట్టే.

ఈ ఇబ్బందికి మంచి విరుగుడు స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య తగిలించే బోలు గొట్టం. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి స్పేసర్‌కు తగిలించి, ఊపిరితిత్తుల్లోని గాలిని నెమ్మదిగా బయటికి వదిలేసి, స్పేసర్ కొస చుట్టూ పెదవులు గట్టిగా మూసి, ఒక్కసారి మాత్రమే నొక్కి, నింపాదిగా లోతుగా పీల్చి, వీలైతే 10 సెకన్లపాటు ఊపిరి బిగబట్టాలి. రెండో మోతాదు అవసరమైతే 30 సెకన్ల నుంచి నిమిషం వరకు ఆగి, మళ్లీ కుదిపి తీసుకోవాలి. పొడి మందు ఇన్‌హేలర్ల పద్ధతి దీనికి పూర్తిగా వేరు: వాటిని వేగంగా, బలంగా పీల్చాలి. అంత బలంగా పీల్చలేనివారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి వేరే పరికరం రాయించుకోవడం మేలు.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. లేకపోతే నోట్లో బూజు వంటి తెల్లని పొర ఏర్పడవచ్చు. కట్టుడు పళ్లు ఉంటే వాటినీ కడుక్కోవాలి. బాగానే ఉన్నామని ఈ ఇన్‌హేలర్‌ను సొంతంగా మానేయకూడదు. ఊపిరి గొట్టాల వాపును అదుపులో ఉంచేది అదే. అవసరానికి వాడే సాల్బుటమాల్ వంటి ఇన్‌హేలర్ అప్పటికప్పుడు గొట్టాలను వెడల్పు చేస్తుందే తప్ప వాపును తగ్గించదు.

3. మందులన్నీ ఒకచోట పెట్టి డాక్టరుకు చూపించండి

ఆస్తమాకు సంబంధం లేదనిపించే మందులే ఒక్కోసారి ఆయాసం తెచ్చిపెడతాయి. కంటిలో ఒత్తిడి తగ్గించడానికి వాడే టిమోలాల్ చుక్కలు ఇందుకు ఉదాహరణ. కంట్లో వేసే చుక్క ఊపిరితిత్తులను ఏం చేస్తుందిలే అనిపించవచ్చు గాని, అది రక్తంలో కలిసి ఊపిరి గొట్టాలను బిగుసుకుపోయేలా చేయగలదు. రక్తపోటుకు, గుండెకు వాడే ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు కూడా ఆ కోవలోవే. అయితే వీటిని ఉన్నట్టుండి ఆపడం గుండెకు ప్రమాదం కాబట్టి, మార్పు డాక్టరే చేయాలి.

ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొందరు ఆస్తమా రోగులకు పడవు. ముక్కులో కండ పెరిగినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి రక్తపోటు మాత్రల వల్ల వచ్చే పొడిదగ్గును ఆస్తమాగా పొరబడి ఇన్‌హేలర్ మోతాదు పెంచుకుంటూ పోయే సందర్భాలూ ఉంటాయి.

4. ఒంటి కబురు కన్నా కొలతను నమ్మండి

వయసు పెరిగేకొద్దీ ఊపిరి గొట్టాలు మూసుకుపోతున్న సంగతి ఒంటికి ఆలస్యంగా తెలుస్తుంది. అందువల్ల గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న పరికరం, పీక్ ఫ్లో మీటర్, దగ్గర ఉంచుకుని, ఉదయం, సాయంత్రం మూడేసి సార్లు ఊది, ఎక్కువగా వచ్చిన అంకెను రాసుకోవడం మంచి అలవాటు. ఆరోగ్యం నిలకడగా ఉన్న రోజుల్లో వచ్చిన అత్యధిక అంకె 300 అనుకుంటే, 240 కన్నా తగ్గినప్పుడు జాగ్రత్తపడాలి. 150 కన్నా తగ్గితే అది అత్యవసరమే. రాత్రి దగ్గుతో మెలకువ రావడం, అవసరానికి వాడే ఇన్‌హేలర్ మామూలుకన్నా త్వరగా అయిపోవడం కూడా హెచ్చరికలే.

5. ప్రేరేపించేవాటిని దూరం పెట్టండి

జలుబు, ఫ్లూ వంటి వైరస్‌లే ఎక్కువసార్లు ఉధృతికి దారితీస్తాయి. ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి, న్యుమోనియా టీకా గురించి డాక్టరును అడగాలి. ఇంట్లో ఎవరూ పొగతాగకూడదు. దుమ్ము పురుగులు పడనివారి దుప్పట్లను, దిండు గలేబులను వారానికొకసారి వేడినీటిలో ఉతకాలి. గోడలకు బూజు పట్టే చోట చెమ్మ రాకుండా చూడాలి. ఛాతీలో మంట, పుల్లతేన్పులు ఉన్నవారు భోజనం చేసిన రెండు మూడు గంటల వరకు పడుకోకూడదు.

6. ఉధృతమైతే ఏం చేయాలో ముందే రాయించుకోండి

ఏ దశలో ఏ మందు ఎంత వాడాలో డాక్టరు చేత రాయించుకుని, ఇంట్లో అందరికీ కనిపించే చోట పెట్టాలి. ఇన్‌హేలర్ వాడినా ఉపశమనం లేకపోయినా, వాక్యం పూర్తిచేయలేనంతగా ఎగశ్వాస వచ్చినా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా వెంటనే అంబులెన్సును పిలిచి, అది వచ్చేవరకు రోగిని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, రాసిచ్చిన ప్రకారం ఇన్‌హేలర్ ఇస్తూ ఉండాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందనుకోకూడదు. గాలి దాదాపు ఆడటం లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఇంట్లోనే తగ్గిపోయిన ఉధృతి విషయంలోనూ కొద్ది రోజుల్లోనే డాక్టరును కలిసి, అది ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి.