కూల్ రూఫ్ అనుభవాన్ని పక్క మున్సిపాలిటీకి అందించేదెట్లా

ఎండ వేడిని తిప్పికొట్టి ఇల్లు చల్లగా ఉండేందుకు పైకప్పు మీద తెల్లపూత వేయడమే కూల్ రూఫ్. నల్లగొండలో వేసిన ఆ పూత మిర్యాలగూడకో జడ్చర్లకో పనికిరావాలంటే పూత వేసిన రోజు ఫొటోలు చాలవు. ఆ రోజు ప్రతి డాబా తెల్లగానే ఉంటుంది. ఒక వానాకాలం దాటాక ఎట్లుందో రాసి పంపాలి.

2023–28 తెలంగాణ కూల్ రూఫ్ విధానంలో ఇళ్లకు సంబంధించి స్థలం 600 చదరపు గజాలు, ఆపైన ఉంటేనే తప్పనిసరి. వేడికి ఎక్కువ అల్లాడే వంద గజాల రేకుల ఇళ్లవాళ్లకు అది వాళ్లిష్టం. వాళ్లను ఒప్పించేది నమ్మదగిన కొలతే.

ఒకే వీధిలో ఒకే రకం పైకప్పున్న రెండిళ్లు ఎంచుకుని ఒకదానికే పూత వేయండి. అంతకు ముందు వారం రోజులు రెండింటినీ కొలవండి. లేకుంటే వచ్చిన తేడా పూతదో, పక్కనున్న వేపచెట్టు నీడదో తేలదు. మధ్యాహ్నం 3కు, రాత్రి 9కి గది మధ్యలో, మంచం ఎత్తులో థర్మామీటరు చూడాలి. చాలామంది రాత్రి కొలత వదిలేస్తారు. స్లాబు పగలు పట్టుకున్న వేడిని గదిలోకి వదిలేదే అప్పుడు, ముసలివాళ్లకు, పిల్లలకు నిద్ర కరువయ్యేదీ అప్పుడే. పైకప్పు వేడిని తాకకుండానే కొలిచే గన్ థర్మామీటరు మెరిసే రేకు మీద అసలు కంటే తక్కువ చూపిస్తుంది. రేకుకు నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి, కాసేపాగి టేపు మీద కొలవండి.

సున్నం పూతకైతే ముందు పగుళ్లు పూడ్చి, పాచి గీకి, దుమ్ము కడగాలి. దుమ్ము మీద వేస్తే పొరలుగా లేస్తుంది. మిట్టమధ్యాహ్నం వేస్తే పట్టు దొరకకముందే ఆరి పొడి రాలుతుంది. పొద్దున్నే డాబా తడిపి, పలుచగా రెండు పూతలు వేయడం మేలు. మొదట 10 చదరపు మీటర్లకే వేసి సున్నం, బంక, నీళ్లు ఎంతెంత పట్టాయో రాసుకోండి. పక్క ఊరివాళ్లు అంచనా కట్టుకునేది ఆ లెక్కతోనే. డాబా నీళ్లు ఇంకుడు గుంతకు పోతుంటే సున్నం అందులోకి పోకుండా తొలి వానలకు గొట్టం తిప్పేయాలి.

పంపే కాగితం ఒక్క పేజీ దాటొద్దు. పైకప్పు రకం, పూత వేసిన నెల, చదరపు అడుగుకు అయిన ఖర్చు, రెండిళ్ల కొలతలు, వానల తర్వాత ఎంత భాగం లేచింది, ఎందుకు లేచింది. ఈ చివరి రెండే అన్నిటికన్నా విలువైనవి, బిల్లుల ఫైలులో ఎప్పుడూ కనబడనివీ అవే.

వీలైతే కాగితంతో పాటు మేస్త్రీని కూడా ఒక పూట పంపండి, ఆయన కూలి ముందే మాట్లాడి. సున్నం చిక్కదనం బ్రష్ పట్టి చూపిస్తేనే అర్థమవుతుంది.